ఆశన్న ఆగిన జాగాలు

సీడీలు ఇంకా అవసరమా అని ఈ మధ్య కుర్రవాళ్ళు నన్ను అడుగుతున్నారు. పాత క్యాసెట్లను ఫోనులోకి ఎక్కించి ఇచ్చే దుకాణాలు పెట్టుకుంటున్నవాళ్ళు వాళ్ళు. మహబూబ్‌నగర్‌లో ఒక రికార్డింగ్ దుకాణంలో వయసంతా గడిపినవాణ్ణి కనుక నాకేదో తెలిసి ఉంటుందని వాళ్ళ నమ్మకం.

పాటల కోసమైతే అవసరం లేదు. ఒకప్పుడు ఒక్క పాట కోసం మనిషి కోస్గి నుంచి బస్సెక్కి వచ్చేవాడు. అది మా దగ్గర లేకపోతే ముఖం చిన్నబుచ్చుకుని మళ్ళీ బస్సెక్కేవాడు. ఇప్పుడు అదే పాట గొర్లు కాసే మనిషి జేబులో మోగుతోంది. ఇందులో బాధపడడానికి ఏమీ లేదు. సీడీలో ఉన్న నిండుదనం ఫోనులో లేదని కొందరు పెద్దమనుషులు అంటారు. వాళ్ళలో చాలామందికి పాటలు నింపి ఇచ్చింది నేనే. కాపీ నుంచి తీసిన కాపీ, దాని నుంచి తీసిన ఇంకో కాపీ విని, బ్రహ్మాండంగా ఉందని మెచ్చుకుని పోయినవాళ్ళు వాళ్ళు. వాళ్ళ చెవుల సంగతి నాకు తెలుసు.

అయితే రికార్డింగ్ పని అంటే పాటల పని అనుకుని ఇందులోకి దిగితే మాత్రం మీకు సగం పనే తెలుస్తుంది. మిగతా సగం ఏమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అక్షరం కంటే ముందు పాట

మాది కురుమ ఇల్లు, దేవరకొండ వైపు ఊరు. నాకు ఊహ తెలిసేనాటికే చేతిలో కట్టె ఉంది, ముందర మంద ఉంది. గొర్లను తోలుకుపోయే దారిలోనే బడి ఉండేది. గొర్లు ఆగేవి కావు కనుక నేనూ ఆగలేదు. వరుస కరువుల్లో మంద సగం పోయాక బాపు మిగిలినవి అమ్మేశాడు. నేను పని వెతుక్కుంటూ, మేము పాలమూరు అనే ఈ మహబూబ్‌నగర్ వచ్చి, బస్టాండు దగ్గర ఖాజా సాబ్ దుకాణంలో ఊడ్చే పనికి కుదిరాను.

ఖాజా సాబ్ అంతకుముందు రేడియోలు బాగుచేసేవాడు. ఎనభైల మొదట్లో రెండు డెక్కుల టేప్ రికార్డర్ తెప్పించుకుని రికార్డింగ్ దుకాణం పెట్టాడు. మంచి మనిషి. కోపం ఎక్కువ. చెవి మాత్రం మామూలు చెవి కాదు. ఎదురుగా హోటల్లో చాయ్ తాగుతూ, "బీరయ్యా, రోలర్ల పోగేదో చుట్టుకున్నది, సూడు" అని అక్కడి నుంచే కేక వేసేవాడు. తీసి చూస్తే పోగు ఉండేది.

నాకు చదువు రాదు కనుక క్యాసెట్లను అట్ట మీది బొమ్మను బట్టి గుర్తుపట్టేవాణ్ణి. పని బాగానే సాగింది. ఒకసారి ఒక కంపెనీవాళ్ళు బొమ్మలు లేకుండా అన్నింటికీ ఒకే నీలం అట్ట వేసి పంపారు. కొడుకు బారాత్‌కు పాటలు కావాలని వచ్చిన ఆసామికి నేను తీసి ఇచ్చింది తత్వాల క్యాసెట్టు. గుర్రం మీద పెండ్లికొడుకు కూర్చుని ఉండగా, ముందర మైకులో ఈ శరీరం ఎట్లా మట్టిలో కలుస్తుందో పాడారట. ఆసామి తెల్లారి దుకాణానికి వచ్చాడు.

"ఏమయ్యా, నా కొడుకుది పెండ్లి జేసినవా, దినం జేసినవా?" అని అడిగాడు.

ఖాజా సాబ్ ముందు కడుపు పట్టుకుని నవ్వాడు. తర్వాత నన్ను తిట్టాడు. ఆ తర్వాత నీలం అట్ట ఒకటి నా ముందు పెట్టాడు.

"పాటలన్నీ నీ నోట్లనే ఉన్నయి కద. గవే గీ అట్ట మీద రాసున్నయి. నోట్లది, అట్ట మీదిది జోడించుకో. ఐపాయె."

అట్లా ముప్పై దాటాక నాకు అక్షరాలు వచ్చాయి. పాట మొదటి మాట పాడుకుంటూ అట్ట మీద వేలు జరిపేవాణ్ణి. బడి పిల్లలకు వచ్చే వరుసలో కాదు, పాటల్లో ఏది ముందు వస్తే అది ముందు వచ్చింది. అ ఆలు వరుసగా చెప్పమంటే ఈ రోజుకీ తడబడతాను. రాయమంటే రాస్తాను.

ఖాళీ తీయడం

మా పనిలో చేతి నేర్పు ఒక్కచోటే కనిపిస్తుంది. ఒక డెక్కులో పాట మోగుతుంటుంది, రెండో డెక్కులో అది ఎక్కుతుంటుంది. పాట అయిపోగానే, తర్వాతి పాట మొదలయ్యేదాకా మధ్యలో ఖాళీ వస్తుంది. ఆ ఖాళీ కొత్త టేపు మీదికి ఎక్కకుండా ఆపే బటన్ నొక్కాలి. ముందు నొక్కితే పాట తోక తెగుతుంది. వెనక నొక్కితే ఖాళీ ఎక్కుతుంది.

ఖాళీ ఎక్కితే గిరాకీకి వచ్చినవాడు ఊరుకునేవాడు కాదు. "మధ్యల టేపు సచ్చిపోయింది" అని తెచ్చి బల్ల మీద పడేసేవాడు. టేపు నిడివి కూడా అంతంతే. ఖాళీలు తీసేస్తే చివర ఇంకో పాట పడుతుంది, మనిషి సంతోషంగా పోతాడు. అందుకే ఖాజా సాబ్‌కు ఖాళీ అంటే పడదు. కొత్తగా పనికి వచ్చినవాడు ఎవడైనా సరే, ముందు వాడి చేత ఒక క్యాసెట్టు నింపించి, పాటలు వినకుండా పాటకూ పాటకూ మధ్య మాత్రమే వినేవాడు. అక్కడ గుండు సూది పట్టే సందు దొరికినా వాణ్ణి మళ్ళీ చేయమనేవాడు.

నేనూ అదే నేర్చుకున్నాను. నా వేలు పడితే సందు ఉండదని పేరు వచ్చింది. ఆ పేరు నాకు చాలా ఇష్టంగా ఉండేది.

మాటల క్యాసెట్లు

మా జిల్లా నుంచి పనికి బొంబాయి పోయినవాళ్ళ లెక్క మీకు నేను చెప్పనక్కర లేదు. నారాయణపేట, మక్తల్ వైపు ఊళ్ళకు ఊళ్ళు పోయేవి. పోయినవాళ్ళకు రాయడం రాదు, ఇంటి దగ్గర ఉన్నవాళ్ళకు చదవడం రాదు. ఎవరితోనో రాయించి ఎవరితోనో చదివిస్తే మొగుడూ పెండ్లాల మాట నలుగురి నోళ్ళలో పడుతుంది. అందుకని బొంబాయిలో గుంపుకొక టేప్ రికార్డర్ పెట్టుకుని, క్యాసెట్టులో మాట్లాడి, ఊరికి వచ్చే గుంపు మేస్త్రి చేతికిచ్చి పంపేవాళ్ళు.

ఊళ్ళలో అప్పటికి టేప్ రికార్డర్లు ఎక్కడివి? క్యాసెట్టు కొంగులో ముడేసుకుని మా దగ్గరికి వచ్చేవాళ్ళు. దుకాణంలో వెనక వైపు ఒక స్టూలు, ఒక హెడ్‌ఫోను ఉండేవి. కూర్చోబెట్టి చెవులకు తగిలించి టేపు నడిపేవాణ్ణి. విన్నాక అదే క్యాసెట్టు మీద వాళ్ళ జవాబు నింపి ఇచ్చేవాణ్ణి. మేస్త్రి తిరిగి పోయేటప్పుడు అది పట్టుకుపోయేవాడు. కొత్త క్యాసెట్టు ఎవరు కొంటారు? వచ్చిన మాట మీదనే పోయే మాట ఎక్కేది. వచ్చిన మాట చెరిగిపోయేది.

ఈ మాటల క్యాసెట్లలో ఒక పద్ధతి ఉండేది. ఎవరు నేర్పారో తెలియదు, అందరూ అట్లాగే చేసేవాళ్ళు. ఒక మాట అడిగి ఆగేవాళ్ళు. అవతలివాళ్ళు జవాబు చెప్పడానికి పట్టేంత సేపు ఆగి, తర్వాత ఇంకో మాట ఎత్తుకునేవాళ్ళు. హెడ్‌ఫోను పెట్టుకున్న మనిషి కూడా, ఎదురుగా మనిషి ఉన్నట్టే, ఆ సందులో జవాబు చెప్పేది. చెవులు మూసుకుని ఉంటాయి కనుక గట్టిగా చెప్పేది. దుకాణమంతా వినపడేది.

ఒకనాడు ఒక అవ్వ కోడలిని వెంటబెట్టుకుని వచ్చింది. హెడ్‌ఫోను పెట్టుకుని కొడుకు మాటలు వింటూ, సందు రాగానే, "యాడ ఇంటది రా నా మాట? పొద్దెక్కేదాక పంటది నీ పెండ్లాం" అని అరిచింది. కోడలు పక్కనే నిలబడి ఉంది. నా దగ్గరికి వచ్చి, "అన్నా, నా వంతు ఎప్పుడు? నేను గూడ జవాబు జెప్పాలె" అంది. పాటల కోసం వచ్చినవాళ్ళు పాటలు మరిచిపోయి నిలబడ్డారు.

నాకు వినపడేది జవాబులే. ప్రశ్నలు వాళ్ళ చెవుల్లో ఉండిపోయేవి. అట్లా ఏళ్ళ తరబడి జనం మాటల్లో సగం విన్నాను. నాకు పెండ్లి కాలేదు. ఎందుకు కాలేదన్నది ఇక్కడ చెప్పే సంగతి కాదు. సాయంత్రం దుకాణం మూసి కిరాయి గదికి పోయి అన్నం వండుకునేటప్పుడు, పొద్దున విన్న జవాబులకు ప్రశ్న ఏమై ఉంటుందా అని ఆలోచించేవాణ్ణి. నాకు అది ఒక రకం తోడు.

ఖాజా సాబ్‌కు మాత్రం ఆ గొడవ పట్టేది కాదు. "పాటలు నీవు ఇంటవు, మాటలు నీవు ఇంటవు. నేను మిషన్‌ను ఇంట" అనేవాడు. మాటల క్యాసెట్లు వచ్చినప్పుడు ఆయన చాయ్‌కి పోయేవాడు.

చెన్నమ్మ

అట్లా వచ్చేవాళ్ళలో చెన్నమ్మ ఒకామె. మక్తల్ దగ్గర ఊరు. మొగుడి పేరు ఆశన్న, బొంబాయిలో కట్టడాల పనికి పోయాడు. ఇంట్లో ఆమె, బడికి పోయే కొడుకు, ఆశన్న తండ్రి. ఆశన్న తండ్రిని చెన్నమ్మ కూడా నాయిన అనే పిలిచేది.

మిగతావాళ్ళు జవాబులు అరిచేవాళ్ళు. చెన్నమ్మ గోడ వైపు తిరిగి కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పేది. అయినా వినపడేది. "తిన్న." కొంచెం ఆగి, "పోతుండు, మొన్న పలక పగలగొట్టిండు." మళ్ళీ ఆగి నవ్వేది. ఏమడిగాడని నవ్విందో నాకు తెలియదు.

ఒకసారి క్యాసెట్టు విని, జవాబు తర్వాత నింపుతానని చెప్పి వెళ్ళింది. పిల్లవాడికి జ్వరంగా ఉందని, వాణ్ణి కూడా తెచ్చి మాట్లాడిస్తానని అంది. ఈలోపల మేస్త్రి మళ్ళీ వచ్చాడు. చేతిలో క్యాసెట్టు లేదు, ఆశన్న బట్టల మూట ఉంది. అక్కడ దవాఖానలో జ్వరంతో పోయాడట. ఆఖరి పనులన్నీ అక్కడే అయిపోయాయి. ఆమె మొగుణ్ణి చూడలేదు.

ఆ చివరి క్యాసెట్టు మీద జవాబు ఎక్కలేదు. అందుకని అది మిగిలింది. అంతకుముందు వచ్చిన ఆశన్న మాటలన్నీ ఆమె జవాబుల కింద చెరిగిపోయాయి.

తర్వాత ఒకటి రెండుసార్లు దుకాణానికి వచ్చి విన్నది. ఆ మీదట ఒక పాత టేప్ రికార్డర్ కొనుక్కుని పోయింది. నేనే బాగుచేసి ఇచ్చాను. రావడం మానేసింది. స్టూలు మీద ఇంకెవరెవరో కూర్చున్నారు. కొన్నేళ్ళకు ఊళ్ళలోకి ఎస్టీడీ బూత్‌లు వచ్చాక ఆ స్టూలు కూడా ఖాళీ అయింది.

డిస్కు వచ్చాక

తొంభైల చివర్లో ఖాజా సాబ్ కంప్యూటరు కొన్నాడు. దానికి డిస్కులు రాసే పెట్టె ఉంది. ఆ వయసులో కళ్ళజోడు పెట్టుకుని ఆయన ఆ పని నేర్చుకున్న తీరు చూస్తే ముచ్చటేసేది. తెర మీద ధ్వని గుట్టల్లా కనిపిస్తుంది. మాట ఉన్నచోట గుట్ట, ఖాళీ ఉన్నచోట చదును. "సూడు బీరయ్యా, ఇన్నొద్దుల సంది చెవుతోని జేసిన పని, ఇగ కండ్లతోని జేయొచ్చు" అన్నాడు. చదునంతా ఎంచి ఒక్క దెబ్బతో తీసేసేవాడు.

క్యాసెట్టు అరిగిపోతుంది, డిస్కు అరగదు, జీవితాంతం ఉంటుంది అని వచ్చినవాళ్ళందరికీ చెప్పాం. మాకు చెప్పినవాళ్ళు అట్లా చెప్పారు. ఇప్పుడు చెబుతున్నాను, అది అబద్ధం. మా ఎండలకు రేకుల ఇంట్లో పెట్టిన డిస్కు వెండి పూత పొక్కి లేచిపోయింది. నా గదిలోనే అట్లాంటివి ఒక సంచెడు ఉన్నాయి. తిప్పే యంత్రాలు కూడా దొరకడం లేదు. కాబట్టి సీడీని పట్టుకుని వేలాడమని నేను ఎవరికీ చెప్పను. ఒక గొంతు నిలవాలంటే, ఎవరో ఒకరు దాన్ని పాత దాని నుంచి కొత్త దానికి మారుస్తూనే ఉండాలి. మార్చేవాడి చేతిలోనే దాని బతుకంతా ఉంటుంది. అది సీడీ అయినా అంతే, ఫోను అయినా అంతే.

చెన్నమ్మ క్యాసెట్టు తీసుకుని వచ్చింది ఆ రోజుల్లోనే. వెంట్రుకలు నెరిశాయి. నేను గుర్తుపట్టాను.

"టేపు సాగినట్టున్నది బీరన్నా. ఆయన గొంతు ముసలిదైతాంది" అంది. "మొదట నాతోని పాటు ఆయన గూడ ముసలోడైతుండు అని నవ్వుకున్న. గిప్పుడైతే మాటనే తెలుస్తలేదు. డిస్కుల ఎక్కిస్తె అరగదంట కద?"

నిజంగానే టేపు బాగా అరిగి ఉంది. ఆ వారం నేను బావ దినాలకు ఊరికి పోవలసి వచ్చింది. పని ఖాజా సాబ్ చేశాడు. సాగిన గొంతును సరిచేశాడు. బుసబుస శబ్దం తగ్గించాడు. చదునంతా తీసేశాడు. పని అయ్యాక ఒకసారి సరిచూసుకుందామని క్యాసెట్టును మళ్ళీ డెక్కులో వేస్తే, రోలరు దాన్ని లోపలికి లాక్కుని నమిలి, ముక్కలు చేసి వదిలింది. ఎట్లాగూ డిస్కు తయారైందని ఆయన ఆ ముక్కలను చెత్తలో వేశాడు. చెన్నమ్మ వచ్చి డిస్కు తీసుకుపోయింది. నేను తిరిగి వచ్చాక ఇదంతా ఆయనే చెప్పాడు. "గంత అరిగిన టేపుల నుంచి మాట తీసుడంటె మాటలు కాదు" అని మురిసిపోయాడు కూడా. ఆ మురిపెంలో తప్పు లేదు. అంత పాత టేపు నుంచి అంత శుభ్రంగా గొంతు తీయడం నా వల్ల అయ్యేది కాదు.

"ఆయన ఆగుతలేడు"

ఆమె మళ్ళీ వచ్చేసరికి దుకాణంలో మేమిద్దరమే ఉన్నాం. డిస్కును బల్ల మీద పెట్టింది. పక్కింటివాళ్ళ దగ్గర డిస్కు పెట్టె ఉందట, వాళ్ళింట్లో విన్నదట.

"సాబ్, గిది మా ఆయన లెక్క లేదు" అంది.

ఖాజా సాబ్ డిస్కు తిప్పి విన్నాడు. "మీ ఆయనదే కద అమ్మా గొంతు? గంట కొట్టినట్టున్నది."

"గొంతు ఆయనదే."

"మరి? మాట ఏమన్న పోయిందా? ఒక్క మాట గూడ పోకుండ జేసిన. నువ్వే ఇను."

"మాటలన్నీ ఉన్నయి సాబ్. ఆయన ఆగుతలేడు."

ఖాజా సాబ్ నా వైపు చూశాడు.

"తిన్నవా అని అడుగుతుండు. తిన్న అనేలోపల పిలగాడు బడికి పోతుండా అంటుండు. దానికి నోరు తెరిస్తె ఇంకోటి. ఎవరో తరుముతున్నట్టు అడుక్కుంట పోతుండు. ఆయన గట్ల మాట్లాడెటోడు కాడు. నా మాట ఇననిదే ఇంకో మాట ఎత్తకపోతుండె." డిస్కును మా వైపు జరిపి, "నాకు గా క్యాసెట్టే ఇయ్యిండ్రి. గొంతు ముసలిదైతె ముసలిదాయె" అంది.

క్యాసెట్టు లేదని, కోయకముందు కంప్యూటరులోకి ఎక్కించుకున్నది కూడా జాగా కోసం చెరిపేశామని చెప్పవలసి వచ్చింది. చెప్పింది ఖాజా సాబే. ఆమె స్టూలు ఉండే చోటు వైపు చూసి, అది లేకపోయేసరికి గోడకు ఆనుకుని కింద కూర్చుంది. ఖాజా సాబ్ లేచి దుకాణం వెనక్కు పోయి చెత్త డబ్బా చూశాడు. అది అప్పటికి రెండుసార్లు ఖాళీ అయింది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా పోయి చూశాడు.

వచ్చి కంప్యూటరు ముందు కుర్చీ నా వైపు తోశాడు.

"నువ్వు కూసో బీరయ్యా. ఆమె మాట్లాడంగ నేనెన్నడు ఇనలే. చాయ్‌కి పోతుంటి. నువ్వు ఇన్నవు."

ఖాళీ పెట్టడం

ఏళ్ళ తరబడి ఖాళీలు తీసినవాణ్ణి. పెట్టడం ఎప్పుడూ చేయలేదు. ఎక్కడ పెట్టాలన్నది కష్టం కాదు, ప్రశ్న ముగిసిన ప్రతిచోటా ఒకటి. ఎంత పెట్టాలన్నది కష్టం. తీసేసిన చదును నిడివి ఎవరూ రాసిపెట్టుకోలేదు. అది ఒక్క చెన్నమ్మ నోటికే తెలుసు.

"అమ్మా, ఆయన అడిగినప్పుడు నువ్వు ఇంట్ల ఎట్ల జవాబు చెప్తవో గట్లనే చెప్పు" అన్నాను.

"మీ ముంగటనా?"

ఖాజా సాబ్ చాయ్‌కి పోతానని లేచాడు. నేను గోడ వైపు తిరుగుతానని చెప్పాను. ఆమెకు నవ్వు వచ్చింది. అంతకుముందు గోడ వైపు తిరిగేది ఆమె.

మొదటి ప్రశ్న వినిపించాను. తిన్నవా?

"తిన్న. రొట్టె, పచ్చిపులుసు. నువ్వు?" అంది.

ఆ మాటలకు పట్టినంత జాగా తెర మీద పెట్టాను. మళ్ళీ మొదటి నుంచి నడిపాం. ఆమె తల అడ్డంగా ఊపింది.

"గట్ల కాదు. నడుమ సచ్చిపోయినట్టున్నది."

నాకు వెంటనే అర్థమైంది. టేపు మీది ఖాళీ ఒట్టి ఖాళీ కాదు. అందులో టేపు బుస ఉంటుంది, ఆశన్న ఊపిరి ఉంటుంది, బొంబాయి గది ఉంటుంది. కంప్యూటరు పెట్టే ఖాళీలో ఏమీ ఉండదు. అది నిజంగానే చావులా ఉంటుంది. "గాడ రైలు పోయిన సప్పుడు గూడ వస్తుండె" అంది ఆమె.

రైలును నేను తేలేకపోయాను. అది ఎప్పుడో తెగిపోయింది. కానీ ఆశన్న మాట ఎత్తుకోవడానికి ముందు, గొంతు సవరించుకుంటున్న చోట, ఖాజా సాబ్ కోయకుండా వదిలిన చిన్న ముక్క దొరికింది. అందులో ఆ గది ఉంది, మనిషి ఉన్న అలికిడి ఉంది. దాన్నే మళ్ళీ మళ్ళీ అతికి, అన్ని ఖాళీల్లోనూ పరిచాను. ఇప్పుడు విని చూడమన్నాను. ఆమె విని, "ఆఁ. ఉన్నడు" అంది.

అట్లా ఒక్కొక్కటే చేసుకుంటూ పోయాం. పిలగాడు బడికి పోతుండా అని ఆశన్న అడిగాడు. "బడి బంద్ జేసి ట్రాక్టర్ నడుపుతుండు. గడ్డం వచ్చింది వానికి. నీ లెక్కనే కోపం" అంది. బర్రె ఈనిందా అని అడిగాడు. ఆ బర్రె ఎప్పుడో పోయింది, దాని మనవరాలు కూడా ఈనిందట. అది చెప్పింది. మొదట్లో అప్పటి జవాబులే చెప్పేదట. పోనుపోను ఎప్పటి సంగతులు అప్పుడు చెప్పడం మొదలుపెట్టిందట.

"ఆయనకు తెల్వాలె కద" అంది నాతో.

ప్రశ్నలు అంతకాలం ఆమె చెవుల్లో ఉండిపోయాయి. ఆ రోజు మొదటిసారి రెండూ విన్నాను.

నాయిన దగ్గు తగ్గిందా అని అడిగాడు ఆశన్న.

నేను చేయి సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాను. జవాబు రాలేదు. వెనక్కు తిరిగి చూశాను. ఆమె కింద నేల మీద వేలితో గీస్తోంది.

"ఈడ ఎంత పెట్టాలమ్మా?"

"పోయిన ఎండకాలం దాక తగ్గిందనే చెప్తుంటి" అంది. "గా ఎండకాలం నాయిన పోయిండు. గప్పటి సంది ఈడ నేనేం చెప్పను. ఊకుంట."

"మరి ఖాళీ వద్దా?"

"వద్దని ఎట్లంట? ఆయన ఈడనే జర ఎక్కువసేపు ఆగుతుండె. నాయిన అంటె పానం ఆయనకు. నేను చెప్పకున్నా ఆయన ఆగాలె."

నేను ముక్కను అతుకుతూ పోయాను. చాలనే దాకా అతికాను. ఆమె చాలనడానికి చాలాసేపు పట్టింది. మా పని తెలిసినవాళ్ళు ఎవరైనా చూస్తే ఇది చెడిపోయిన డిస్కు అనేవాళ్ళు.

ఇక్కడ మీకు ఒక మాట చెప్పాలి. ఇప్పుడు ఫోనుల్లో మాట మధ్య ఖాళీలను తమంతట తామే తీసేసే ఏర్పాటు ఉందని విన్నాను. శబ్దం శుభ్రం చేసేవి కూడా ఉన్నాయట. వాడుకోండి, పాటలకు మంచిదే. ఎవరైనా మనిషి మాట తెచ్చి ఇస్తే మాత్రం, ముట్టుకోకముందే వాళ్ళను కూర్చోబెట్టి, దీన్ని ఎట్లా వింటారని అడగండి. వింటున్నప్పుడు వాళ్ళ ముఖం చూడండి. మా సాబ్ చాయ్‌కి పోకుండా ఉంటే ఆ కోత పడేది కాదు. ఇంతకు మించి ఈ వృత్తిలో నేను నేర్చుకున్నది లేదు.

డిస్కు రాసే పెట్టె తన పని తాను చేసుకుంది. ఖాజా సాబ్ తిరిగి వచ్చాడు, మూడు చాయ్‌లు పట్టుకుని. సరిచూసుకోవడానికి పాత హెడ్‌ఫోను తీసి చెన్నమ్మకు ఇచ్చాను. ఆమె గోడ వైపు తిరిగింది.

ఇప్పుడు మళ్ళీ జవాబులే వినపడుతున్నాయి. తిన్న అంది. కొడుకు సంగతి చెప్పింది, బర్రె సంగతి చెప్పింది. అంతా సరిపోతోంది, ఎక్కడా ఆమె మాట మీద అతని మాట పడడం లేదు. తర్వాత నాయిన గురించిన ప్రశ్న వచ్చే చోటు వచ్చింది. ఆమె ఊరుకుంది. ఖాజా సాబ్ చాయ్ తాగకుండా పట్టుకుని నిలబడ్డాడు. ఎంత పొడుగు పెట్టానో నాకు తెలుసు కనుక, ఇంకా ఉంది, ఇంకా ఉంది అని లోపల అనుకుంటున్నాను.

"నాయిన లేడు" అంది చెన్నమ్మ. చెవులు మూసి ఉన్నాయి కనుక గట్టిగా అంది. "పోయిన ఎండకాలం పోయిండు. దగ్గు కాదు. నిద్రల్నే పోయిండు. నీ పేరే తీసిండు రాత్రంత. నేనే కొరివి పెట్టించిన పిలగానితోని. మంచిగనే జేసినం. నువ్వు ఫికర్ జేయకు."

ఆ తర్వాత కూడా కొంచెం ఖాళీ మిగిలింది. ఆమె అతను ఏమంటాడో వింటున్నట్టు తల కొంచెం పక్కకు వంచి కూర్చుంది.

తర్వాతి ప్రశ్న వాన గురించి. నాకు తెలుసు.

"పడ్డది" అంది ఆమె. "మొన్ననే పడ్డది."